వెచ్చగా ఉందన్నాడు

జుబైర్ ఏడవలేదు.

మంచు తవ్వి ఇద్రీస్‌ని మట్టిలో పెట్టిన రోజున, కొండకింది ఆ సూఫీ మఠంలో వంటవాడితో సహా అందరూ గొల్లుమన్నారు. ఇద్రీస్‌తో ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో తిన్న జుబైర్ మాత్రం కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. మొదట్లో తనని చూసి తనకే భయం వేసింది. మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఆ భయం కాస్తా గర్వమైంది.

ఒక ఉదయం గురువు యాకూబ్ బాబా ముందు మోకరిల్లి అన్నాడు.

“బాబా, నా మనసు ఎండిపోయింది. దుఃఖం నన్నింక ముట్టుకోదు. నలుగురికీ బోధించడానికి అనుమతివ్వండి.”

బాబా గడ్డం నిమురుకున్నాడు. “రేపు ఇద్రీస్ వాళ్ళమ్మ వస్తోంది. కొడుకు చివరి రోజులు ఎలా గడిచాయని నిన్నే అడుగుతుంది. చెప్పగలవా?”

“తొణక్కుండా చెబుతాను.”

“సరే. ఆవిడ కొడుకు గదిలోనే పడుకుంటానంది. అక్కడ పొయ్యి పెట్టాలి. పాత రేడియేటర్ అడ్డంగా ఉంది. పద, విప్పేద్దాం.”

ఆ గది గడప దగ్గర జుబైర్ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. గదిలో ఇంకా ఇద్రీస్ వాసనే ఉన్నట్టుంది.

కిటికీ కింద, పక్కటెముకల్లా నిలబడ్డ ఇనప గొట్టాలు. ఒకప్పుడు కింద బాయిలర్‌లో కాగిన నీళ్ళు వాటిలో పారి గదిని వెచ్చబెట్టేవట. ఆ బాయిలర్ పగిలి ఏళ్ళయింది. ఇద్రీస్ దాన్ని ముసలి గుర్రం అనేవాడు. జబ్బుపడ్డాక కూడా దానికే వీపు ఆనించి కూర్చునేవాడు.

“వంటింటి సెగ దీన్లోకి ఎక్కుతోందోయ్ మౌల్వీ! నా వీపు చక్కగా కాగుతోంది. ఆ కంబళి నువ్వు కప్పుకో, నాకు గుర్రం ఉందిగా!” అనేవాడు జుబైర్‌తో.

ఉన్నది ఒకటే కంబళి. జుబైర్ కప్పుకుని హాయిగా నిద్రపోయేవాడు.

బాబా రెండు చివర్లా వాల్వులు బిగించి, “కింద ఏదన్నా పెట్టు” అన్నాడు. జుబైర్ పానాతో గొట్టాన్ని ఒకసారి తట్టి చూసి, టీ తాగే గిన్నె తెచ్చి పెట్టాడు.

“పిల్లికి పాలు పోస్తున్నావా?”

“ఏళ్ళ తరబడి వాడనిది బాబా. ఎండిపోయి ఉంటుంది.”

జుబైర్ అడుగున నట్టు వదులు చేశాడు. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. ‘చూశారా’ అన్నట్టు గురువు వైపు చూశాడు.

బాబా జేబులోంచి చిన్న ఇనప కీ తీసి, గొట్టాల పైకొసన గాలి కోసం ఉన్న బుల్లి మరకి తగిలించి కొంచెం తిప్పాడు. ముసలివాడు ఊపిరి పీల్చినట్టు లోపలికి గాలి వెళ్ళింది.

అంతే, కింద నీళ్ళు దూకాయి. కాటుకలా నల్లటి నీళ్ళు. రెప్పపాటులో గిన్నె నిండి, పొర్లి, చాప కిందికి పారాయి. జుబైర్ పరుగున పోయి బట్టలుతికే తొట్టి ఈడ్చుకొచ్చాడు. నీళ్ళు చాలాసేపు పోయాయి.

ధార ఆగింది. “ఇక ఖాళీ” అన్నాడు జుబైర్, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

నట్లు పూర్తిగా విప్పేశారు. దాన్ని కొక్కేల మీంచి లేపడానికి జుబైర్ రెండు చేతులా చుట్టి గుండెకి హత్తుకున్నాడు. ఇనుము చల్లదనం చొక్కా దాటి, చర్మం దాటి ఎముకల్లోకి దిగింది. ఆ గదిలో అన్నాళ్ళు పడుకున్నా, దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

అతను కదల్లేకపోయాడు.

“వంచు నాయనా” అన్నాడు బాబా మెల్లిగా. “అడుగున ఇంకా ఉంటుంది.”

వంచాడు. మిగిలిన నల్లనీళ్ళు భళ్ళున అతని పాదాల మీద పడ్డాయి. దాంతోపాటే లోపలెక్కడో ఏడాదిగా బిగుసుకున్నది తెగింది. ఆ బరువైన ఇనుముని దించకుండా, దాని మీదే తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“వెచ్చగా ఉందన్నాడు బాబా... రోజూ వెచ్చగా ఉందనే అన్నాడు. నేను నమ్మాను. ఒక్కసారన్నా చెయ్యి పెట్టి చూడలేదు.”

బాబా అతని కన్నీళ్ళు తుడవలేదు. ఇనుము రెండో కొస పట్టుకుని సగం బరువు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“రేపు ఆవిడకి ఇలాగే చెప్పు” అన్నాడు.