తెల్లబండ మీద ఎవరూ రాయని మాట

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక తెల్లబండ ఉండేది. ఎక్కడ మేత ఉంది, ఏ రేవు దాటొచ్చు, వేటగాళ్లు ఎటు తిరుగుతున్నారు, అంతా దాని మీద రాసుకోవాలని జంతువులు కట్టుబాటు చేసుకున్నాయి. ఎవరైనా రాయొచ్చు. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు. మీ అమ్మల ఆఫీసుల్లో కంప్యూటర్లో వికీ అంటారే, అలాంటిదన్నమాట.

కట్టుబాటు అందరిదీ. రాత మాత్రం ముళ్లపంది సూరమ్మది.

"సూరమ్మక్కా, తూర్పు గట్టున ఇప్పపూలు రాలాయి, కాస్త రాయవూ? నీ రాత ముత్యాలే!" అనేవాడు ఎలుగుబంటి.

"రాసే ముల్లు నీ ఒంటి మీదే ఉందాయె. మేమెక్కడ వెతుక్కుంటాం?" అనేవాడు కొండముచ్చు.

సింహం దొరకి వేరే బండ ఉండేది. రోజూ తన గొప్ప ఆలోచనలు దాని మీద సూరమ్మ చేతే రాయించేవాడు. అది ఆయన బ్లాగు అనుకోండి. దాని కింద "ఆహా" అని పంజా ముద్ర వెయ్యడానికి మాత్రం అందరికీ బోలెడు తీరిక!

సూరమ్మకి నెలలు నిండాయి. తన రాలిన ముళ్లు మూడు, మోదుగపూల రసం దొప్పెడు బండ పక్కన పెట్టింది.

"పురిటికి పోతున్నా. ఎవరు చూసింది వాళ్లే రాయండి," అంది.

"నువ్వు నిశ్చింతగా వెళ్లిరా తల్లీ," అన్నారు ముగ్గురూ.

కొన్నాళ్లకి సూరమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, కడుపు మాడుతూ బయటికొచ్చింది. వాగు అవతల దుంపలున్నాయి. బండ చూసింది. "దిగువ రేవు భద్రం" అని తన పాత రాతే ఉంది. నమ్మి దిగింది.

మొసలి నోరు తెరిచింది.

సూరమ్మ ముళ్లు విప్పి మొసలి మీద పడింది కాబట్టి పిల్లలిద్దరిలో చిన్నది ప్రాణాలతో బయటపడింది. కానీ దాని వెనక పాదం ఒకటి పోయింది.

సూరమ్మ ఆ పిల్లని నోట కరుచుకుని వచ్చి, బండ ముందు దించింది.

"మొసలి దిగువకి ఎప్పుడొచ్చింది?"

"పోయిన పున్నమికే," ఎలుగుబంటి తల గోక్కున్నాడు. "నేనే ముందు చూశా. కొండముచ్చుకి చెప్పా కూడా!"

"నేను దొరవారికి చెప్పా," అన్నాడు కొండముచ్చు.

"నువ్వు రాగానే రాస్తావనుకున్నాం," అన్నాడు సింహం. "బాధపడకు. దీని మీద రేపు నా బండకి మంచి వ్యాసం చెప్తాను, రాసిపెట్టు."

"అడవంతటికీ తెలుసు, బండకి తప్ప! పురిటి పడక మీంచి లేచొచ్చి రాయాలా నేను? ఇకమీద నేను చూసిందే నేను రాస్తా. మీది మీరు ఏడవండి!"

"పిల్లల తల్లయ్యాక పొగరెక్కింది," అన్నాడు కొండముచ్చు.

రోజులు గడిచాయి. ఇవతల మేత అయిపోయింది. ఎగువ రేవు దాటొచ్చో లేదో బండ మీద లేదు. దిగాలంటే అందరికీ హడలు. చివరికి ఆకలికి తాళలేక ఎలుగుబంటి ఎగువన దాటి, తిని, తిరిగొచ్చాడు.

"సూరమ్మక్కా, ఎగువ రేవు భద్రం, కాస్త రాయవూ?"

"ముల్లు అదిగో."

ఎలుగుబంటి గుర్రుమన్నాడు. కడుపులు వీపుకంటిన లేళ్లు అతని వైపే చూస్తున్నాయి. ఆ మొద్దు పంజాతోనే ముల్లు పట్టాడు. "దిగువన మొసలి ఉంది. ఎగువన నేను దాటాను. ఎలుగు."

"ఏంటా కోడిగీతలు!" కొండముచ్చు పగలబడి నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. లేళ్లు చదువుకుని ఎగువకి నడిచాయి. వాటి వెనక సూరమ్మ, పిల్లలు.

"అమ్మా, ఈ రాత నీది కాదుగా?" కుంటుతూ అడిగింది చిన్నది.

"కాదే. దాటినవాడే రాశాడు. అందుకే నమ్ముతున్నా, పద."

నీతి: అందరి పని అని పేరు పెట్టి ఒకామె నెత్తిన రుద్దితే, అది ఎవరి పనీ కాకుండా పోతుంది. తెలిసినవాళ్లే రాయాలి, రాత బాగోదన్నది సాకు కాదు.