అద్దం తలుపు మిషనూ, చలమయ్య గళ్ళ కోటూ

“జాజీ! ఓ జాజీ! అంతంత చెవులు పెట్టుకుని మూడు కేకలకి కూడా పలకవేమే?”

కేకేసింది అన్న బుచ్చన్న. పలకనిది చెల్లెలు జాజి. నేరేడుకోనలో ఎవరి బట్ట మాసినా ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఇచ్చేది ఈ రెండు గాడిదలే. పలక్కపోవడంలో జాజి తప్పేమీ లేదు. మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో ఆ పొద్దున్నే కొత్త వాషింగ్ మిషను దిగింది. దాని గుండ్రటి అద్దం తలుపుకి మూతి ఆనించి నిలబడిన దగ్గర్నుంచీ జాజి ఈ లోకంలో లేదు. లోపల ఎద్దు కోటయ్య ఎర్ర తుండు గిర్రున పైకి లేచి కోడి పుల్లమ్మ పచ్చ రవికె మీద వాలుతోంది. ఆ రెండిటి మధ్యలోంచి మేకపిల్లల తెల్ల చొక్కాలు కొంగల బారులా ఎగురుతున్నాయి. పున్నమి చందమామ లోపల జాతర జరుగుతున్నట్టుంది. జాజి గుండె దడదడలాడింది.

“అన్నా, ఇటు వచ్చి చూడు. బట్టలు నవ్వుతున్నాయి.”

“అవి నవ్వితే నవ్వాయిగానీ, నీ కాళ్ళకేసి చూసుకో.”

జాజి కిందికి చూసింది. మోకాళ్ళ దాకా నురగ. మిషనుకి వేసే సబ్బుపొడి వేరు, చిటికెడు చాలు అని ముందే చెప్పారు. కానీ రేవులో పుట్టి పెరిగిన ప్రాణం చిటికెడుతో తృప్తి పడుతుందా? పొడి మీద ముంతెడు కుంకుడు రసం కూడా పోసింది. ఇప్పుడు మిషను అరలోంచి నురగ పాలపొంగులా పొంగి నేల మీదికి దిగుతోంది. మేకపిల్లలు అందులో పడి దొర్లుతున్నాయి.

“గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన అని ఊరికే అన్నారా?” అంటూ బస్తాల మీద నుంచి దిగాడు నక్క చలమయ్య. మిషనుని పట్నం నుంచి బండి మీద వేయించుకొచ్చింది ఆయనే. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. చలమయ్య తెచ్చిన వస్తువుకి పుట్టుపూర్వోత్తరాలు అడగరాదని కోనలో పసిపిల్లలకి కూడా తెలుసు. “ఏం ఫర్వాలేదు అమ్మాయ్. నురగ దిగిపోతుంది. చూడండర్రా, దీన్ని ఫ్రంట్ లోడు అంటారు. రేవులో నాలుగు కడవలు పోసే చోట దీనికి ఒక్క కడవ చాలు. బండకేసి బాదేది లేదు, బొత్తాలు ఊడేది లేదు. ముసురు పట్టినా భయం లేదు. బట్టని అదే పిండి పిప్పి చేసి ఇస్తుంది.”

“మీద నుంచి బట్టలేసే మిషను చూశాన్నేను,” అంది మేక. “దీనికి తలుపు ముందెందుకు?”

“అక్కడే ఉంది కిటుకు. మనుషులకి ఇదంటే గుండెల్లో రాయి. వంగి వెయ్యాలి, వంగి తియ్యాలి, నడుము పట్టేస్తుంది. మనకి నడుం నేలకి అడ్డంగానే ఉందాయె. ఇంకా వంగేదేముంది? తలుపు సరిగ్గా మన మూతి ఎత్తున ఉంది. కంపెనీవాడు మనల్ని తలుచుకునే చేశాడు.”

షెడ్డంతా ఘొల్లుమంది. ఊరి పెద్ద ఎద్దు కోటయ్య కూడా గంట కదిలేలా నవ్వాడు. నవ్వు ఆగకముందే మిషను నీళ్ళు పిండే వేగం అందుకుంది. దాని కాలొకటి గుంతలో ఉందేమో, దడదడ ఊగి, గెంతి, సరిగ్గా కోటయ్య మీదికే నడిచొచ్చింది. మేకలు చెల్లాచెదురయ్యాయి. కోటయ్య జరగలేదు. పక్క డొక్క ఆనించి నిలబడ్డాడు, బండి కాడి మోసినట్టు.

“ఇదేం ఉతుకుడు బాబాయ్, కోడెదూడని కట్టేసినట్టుంది,” అన్నాడు బుచ్చన్న.

“నేల చదును చేసి పెట్టాలి. అంతే,” అన్నాడు చలమయ్య.

“నా టోపీ బయటే ఉండిపోయింది. తలుపు తియ్యి, అది కూడా వేద్దాం,” అన్నాడు కోటయ్య.

“కుదరదు పెద్దాయనా. ఒకసారి మొదలెట్టామంటే తాళం పడిపోతుంది. లోపల నీళ్ళుంటాయి కదా. పని ముగిసేదాకా బ్రహ్మదేవుడు వచ్చినా తలుపు రాదు.”

“ఎంతసేపటికి ముగుస్తుంది?”

“రెండు గంటలు.”

“రెండు గంటల్లో నేను రెండు మూటలు ఉతికి ఒక కునుకు తీస్తాను,” అన్నాడు బుచ్చన్న.

ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. జాజి పళ్ళతో తుండు లాగింది. దాదాపు ఆరిపోయింది. మూడేళ్ళ నాటి బురద మరక లేదు. అంత ఎర్రటి ఎరుపుని తన తుండు మీద ఎప్పుడూ చూడలేదని కోటయ్య మురిసిపోయాడు. పుల్లమ్మ రవికె వాసన చూసి కళ్ళు మూసుకుంది. ఆ చుక్కల కోడి నవ్వి పదిహేను రోజులైంది పాపం. పొదగడానికి పెట్టుకున్న గుడ్లు ఒక్కొక్కటే మాయమైపోయాయి. పామే తినిపోతోందని ఊరంతా తేల్చేసింది.

బుచ్చన్న మాత్రం మిషను తలుపు దగ్గర రబ్బరు పట్టీ మడతలో నాలుక పెట్టి చూశాడు. “ఇక్కడ నీళ్ళు మిగిలాయి. రెండ్రోజుల్లో కంపు కొడుతుంది.”

“తుడిచి, తలుపు ఓరగా వదిలేస్తే సరి.”

“ఓరగా వదిలితే ఎలుకలు కాపురం పెడతాయి.”

“నీకు వద్దనడం తప్ప రాదా అన్నా?” అంది జాజి ఉండబట్టలేక. “వానాకాలం ఎన్ని దుప్పట్లు ఆరక ముక్కిపోయాయో మరిచిపోయావా? నీ కీళ్ళు పట్టేసి నువ్వు మూలిగింది మరిచిపోయావా?”

కొత్తొక వింత, పాతొక రోత అనుకున్నాడు బుచ్చన్న. చెల్లెలి కళ్ళలో మెరుపు చూస్తే ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు.

“సరే, దీనికి బదులు నీకేం కావాలి చలమయ్యా?” అడిగాడు కోటయ్య.

“నాకేం కావాలి పెద్దాయనా. ఏదో వయసు మీద పడుతోంది. గాడిదలిద్దరూ ఇక్కడ షెడ్డుకి వచ్చేస్తారు గనుక, ఆ రేవూ, ఆ బండా నాకిచ్చెయ్యండి. నీటి ఒడ్డున కూర్చుని ధ్యానం చేసుకుంటాను.”

“ఊరక రారు మహానుభావులు,” అని గొణిగాడు బుచ్చన్న. రేవంటే వాళ్ళ అమ్మ ఉతికిన చోటు, అమ్మమ్మ ఉతికిన చోటు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా వాళ్ళుండేది అక్కడే. కోళ్ళగూళ్ళు ఆ పక్కనే కాబట్టి కోళ్ళకీ అదో ధైర్యం. ఒకసారి వదిలితే మళ్ళీ రాదు.

జాజి ఆ సంగతేమీ ఆలోచించలేదు. దాని మనసంతా అద్దంలో తిరుగుతోంది.

కోటయ్య తీర్పు చెప్పాడు. “ఇంకో విడత వేద్దాం. ఇంటికో బట్ట ఇవ్వండి. ఇదీ బాగా వస్తే పొద్దుగూకేసరికి రేవు చలమయ్యది. ఏం చలమయ్యా, నీ కోటు కూడా వెయ్యి.”

“నాదెందుకులెండి. మాసిపోలేదు.”

“నీ మిషను మీద నీకే నమ్మకం లేకపోతే మాకెలా? విప్పు.”

అన్ని కళ్ళూ గళ్ళ కోటు మీదే ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టబోయి ఆగాడు చలమయ్య. మెల్లగా విప్పి జాజికి అందిస్తూ చెవిలో అన్నాడు. “జేబులు నువ్వొక్కదానివే చూసి, షెడ్డు వెనక్కి వెళ్ళి దులుపుకురా అమ్మాయ్. మూటలో చూసింది మూటలోనే కదా మీ వాళ్ళ కట్టుబాటు.”

అవును. రేవు వాళ్ళ కట్టుబాటు అదే. ఎవరి బట్ట మీద ఏ మరక కనబడినా, ఏ జేబులో ఏం దొరికినా పెదవి కదపకూడదు. 

జాజి షెడ్డు వెనక్కి వెళ్ళి కోటు జేబు తిరగేయబోయింది. నాలుగు గుడ్డు పెంకులు కనిపించాయి. సొన అంటుకుని ఎండిపోయిన చుక్కల ఈకలు రెండు. ఇందాకటి దడ మళ్ళీ మొదలైంది, కానీ ఇది ఆ దడ కాదు. ధ్యానం ఎందుకో, రేవు ఎందుకో తెలిసిపోయింది. తాము లేని రేవు, కాపలా లేని గూళ్ళు. అందుకోసమా ఇంత మిషను?

పరిగెత్తుకుంటూ అన్న దగ్గరకొచ్చింది. “అన్నా, మూటలో కనబడింది ఎవరికైనా చెబితే ఏమవుతుంది?”

బుచ్చన్న దాని మొహంలోకి చూశాడు. ఏం చూశావని అడగలేదు. “ఈరోజు ఒకడి మరక చెబుతావు. రేపు అందరూ తమ మరకల గురించి భయపడతారు. ఆపైన మనకి మూట ఇచ్చేవాడుండడు. నోరు జారితే రేవు ఉన్నా లేనట్టేనే.”

చెబితే బతుకు పోతుంది. చెప్పకపోతే రేవు పోతుంది, పుల్లమ్మకి మిగిలిన గుడ్లూ పోతాయి. జాజి గళ్ళ కోటు పట్టుకుని మిషను ముందుకొచ్చి నిలబడింది. అద్దంలో తన మొహం తనకే కనిపించింది. వెనకాల కోన మొత్తం కనిపించింది. అందరూ ఈ తలుపుకేసే చూస్తున్నారు.

జాజి చెవులు రెండూ నిటారుగా లేచాయి. చెప్పకూడదన్నారుగానీ, ఉతక్కూడదని ఎవరూ అనలేదే.

జేబు దులపలేదు. దుప్పటీ, లుంగీలూ, చొక్కాలూ ముందు లోపలికి తోసి, గళ్ళ కోటుని చివరగా అద్దం పక్కనే పెట్టి, తలుపు మూసింది. ఈసారి చిటికెడు పొడే వేసింది. టక్కుమని తాళం పడింది.

“అన్నీ చూశావు కదమ్మాయ్?” అన్నాడు చలమయ్య పళ్ళన్నీ బయటపెట్టి.

“చూశాను బాబాయ్.”

డ్రమ్ము తిరిగింది. నురగ లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. నాలుగో చుట్టులో ‘టక్’ మంది. ఐదో చుట్టులో ‘టకటక’ మంది.

“బొత్తాం ఊడిందా ఏం?” అంది మేక, ముందుకొచ్చి.

“ఊడదన్నాడుగా,” అన్నాడు కోటయ్య.

తెల్లటి పెంకొకటి వచ్చి అద్దాన్ని తట్టి వెళ్ళింది. దాని వెనకే ఇంకోటి. చలమయ్య గబగబా అందుకున్నాడు. “పట్నం రాళ్ళు. మిషనులో మొదట్నుంచీ ఉంటాయి. అందరూ టీ తాగి రండి, రెండు గంటలు పడుతుంది.”

“ఇందాక లేవే,” అన్నాడు బుచ్చన్న.

“ఎవరో గుడ్లు తిన్న బట్ట వేసుంటారు. పామో ఏదో.”

“పాముకి బట్టలూ, జేబులూ ఎక్కడివయ్యా?” అన్నాడు కోటయ్య. “అసలు అవి గుడ్డు పెంకులని నీతో ఎవరన్నారు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చలమయ్య లేని కోటు జేబులు తడుముకున్నాడు. మేకలు కిసుక్కున నవ్వాయి. ఇక ఆగలేక తలుపు మీద పడి పిడి పట్టి లాగాడు. రాలేదు. కాలు గోడకి తన్ని లాగాడు. రాలేదు.

“తియ్యమ్మాయ్. నా కోటు తియ్యి. రంగు పోతోంది.”

“పని ముగిసేదాకా బ్రహ్మదేవుడు వచ్చినా రాదన్నావు కదా బాబాయ్,” అంది జాజి.

అటూ ఇటూ చూశాడు చలమయ్య. గోడ మీద స్విచ్చు కనబడింది. ఒక్క గెంతులో వెళ్ళి టప్పున కట్టేశాడు. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాడు.

డ్రమ్ము ఆగింది. తాళం మాత్రం పడే ఉంది. తిరిగేటప్పుడు క్షణం కనబడి పోయేవి ఇప్పుడు కదలకుండా నిలబడిపోయాయి. సరిగ్గా అద్దం నడిమధ్యన, పటం కట్టినట్టు, తడిసి అతుక్కుపోయిన చుక్కల ఈక. దాని కింద సగం గుడ్డు పెంకు.

పుల్లమ్మ ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి అద్దానికి ముక్కు ఆనించింది.

“ఇది నాది,” అంది. “పొదగడానికి కూర్చున్నప్పుడు పొట్ట కింద రాలిన ఈక. పామని నమ్మి నా గూటి చుట్టూ ముళ్ళు పరిచానురా. నా కాళ్ళకే గుచ్చుకున్నాయి.”

కోటయ్య నడిచొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “రేవు సంగతి తేలిపోయింది. రేవు బుచ్చన్నది. జాజీ, నువ్వు చెప్పు, మిషను ఉంచుదామా, పంపేద్దామా?”

అంతమందిలో తన మాట అడుగుతారని జాజి అనుకోలేదు.

“ఉంచుదాం పెద్దాయనా. నురగ పొంగుతుంది, గెంతుతుంది, రబ్బరు కంపు కొడుతుంది, అన్నీ నిజమే. నేల చదును చేస్తాను, రోజూ తుడుస్తాను. ముసుర్లో దుప్పట్లకి మిషను. తక్కినవాటికి రేవు. మేం రేవులోనే ఉంటాం, కోళ్ళకి కనబడేలా.”

బుచ్చన్న కాదనలేదు. చెల్లెలి భుజానికి తన మెడ ఆనించాడు.

“ఇక నువ్వు,” అన్నాడు కోటయ్య నక్క వైపు తిరిగి. “నీ నోరు తెరుచుకునేదాకా ఎవరం కదలం. నువ్వూ కదలవు. ఆ ఈకని చూస్తూ కూర్చో.”

చలమయ్య కూర్చున్నాడు. కోటు లేకపోతే ఇంత చిన్నవాడా అనిపించేలా ఉన్నాడు. ఈక వంక చూశాడు, నేల వంక చూశాడు, మళ్ళీ ఈక వంక చూశాడు. ఊరి నోళ్ళకి సమాధానం చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆ అద్దం ఏమీ అడగడం లేదు, చూపిస్తోంది అంతే.

“నా తొమ్మిది గుడ్లూ ఏం చేశావురా?” అంది పుల్లమ్మ.

చలమయ్య తల దించుకున్నాడు.

“తొమ్మిది కాదు పుల్లమ్మా, పదకొండు. నువ్వు లెక్క చూసుకోకముందే రెండు తీశాను. అన్నీ నేనే తిన్నాను.”

నీతి: ఇతరుల మౌనాన్ని నమ్ముకుని తప్పు చేసినవాడిని, వాడు గొప్పగా మోసుకొచ్చిన వస్తువే పట్టిస్తుంది.