సర్కారు గజ్జెలు

ఇందుపురం సంస్థానంలో పైడయ్య ఊరూరికీ సరుకు మూటలు చేరవేసేవాడు. మూటలు మోసేవాళ్ళంతా గజ్జెల కర్ర పట్టుకునే నడవాలని కొత్వాలు రణభైరవుడి హుకుం. ఆ చప్పుడు వింటే దొంగలు గడగడ వణుకుతారట. దొంగలకేమో అది, మూట వస్తోంది లేవండ్రా అని పిలిచినట్టుండేది.

ఒకనాడు చింతలకనుమలో దొంగలు పైడయ్యను చితకబాది, మూటతోపాటు తలపాగా కూడా లాక్కుపోయారు. వాళ్ళు వదిలేసిన గజ్జెల కర్ర ఊతంగా అతను కుంటుకుంటూ కచేరీకి వెళ్ళాడు.

"దొరా, ఈ గజ్జెలు మా ప్రాణాల మీదికి తెస్తున్నాయి. వద్దనండి" అని మొత్తుకున్నాడు.

కొత్వాలు మీసం దువ్వాడు. "ఒరే వెర్రివెధవా! అన్నీ దోచినవాళ్ళు గజ్జెల కర్ర ఎందుకు వదిలేశారనుకున్నావు? సర్కారు గజ్జెలంటే హడలురా వాళ్ళకి!"

పైడయ్యకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం చేతులు కట్టుకున్నాడు.

"నిజమే దొరా, నా మట్టిబుర్రకు తట్టలేదు. రేపు తమరు నగలూ పట్టుచీరలూ పట్టుకుని అదే కనుమ దాటి అత్తవారింటికి వెళ్తున్నారట. మరి తమ పల్లకీకి గజ్జెలు కట్టొద్దూ?"

కచేరీలో అందరూ కొత్వాలు మొహమే చూశారు. కాదంటే పరువు పోతుంది. చేసేది లేక పల్లకీ నిండా గజ్జెలు కట్టించుకుని బయల్దేరాడు.

మర్నాడు పొద్దు వాలేసరికి వీధి చివర ఘల్లుఘల్లుమంది. కొత్వాలు నడిచొస్తున్నాడు. పల్లకీ లేదు, నగలు లేవు. ఒంటి మీద గోచీ, మెడలో గజ్జెలు.

పైడయ్య వంగి దండం పెట్టాడు.

"తమరన్నది అక్షరాలా నిజం దొరా. సర్కారు గజ్జెల జోలికి మాత్రం రాలేదు!"