పైడిరాజు మాస్టారి కుడిచెయ్యి

విజయనగరంలో పిల్లలకు బరువులెత్తడం నేర్పే లెంక పైడిరాజు మాస్టారికి ఎవరినైనా సరే ఒకే తూకంలో తూచే అలవాటు ఉండేది.

మనిషి మాత్రం చాలా మంచివాడు. అందరికంటే ముందే వచ్చి వ్యాయామశాల తలుపులు తీసేవాడు. లేనివాళ్ళ పిల్లలకు ఇంటి నుంచి ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి పెట్టేవాడు. ఆయన చేతుల మీదుగా ఎదిగినవాళ్ళు రైల్వేలోనూ, పోలీసు శాఖలోనూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళలో ఎవరు ఊళ్ళోకి వచ్చినా ముందు మాస్టారికి దండం పెట్టాకే ఇంటికి వెళ్ళేవాళ్ళు. అయితే ఆయన దగ్గర సాధనకు పద్ధతి ఒక్కటే. తాను పడుచుతనంలో ఎలా చేశాడో అందరూ అలాగే చెయ్యాలి. పొట్టివాళ్ళైనా, పొడుగువాళ్ళైనా, ఆడపిల్లలైనా, మగపిల్లలైనా అదే వరస, అదే వేగం. అందుకోలేకపోతే, "బద్ధకం! ఒళ్ళు వంచడం లేదు!" అని కసిరేవాడు.

నూకరత్నం అనే అమ్మాయి ఒకసారి ధైర్యం చేసి అడిగింది.

"మాస్టారూ, నా చేతులు పొడుగు కదా. మీరు చెప్పినట్టు నిలబడి లాగితే నడుం పట్టేస్తోంది. కాళ్ళు కొంచెం ఎడంగా పెడితే నాకు సుళువుగా ఉంటోంది."

"నాకు బాగానే ఉంది. మా గురువుగారికీ బాగానే ఉండేది. నీ ఒక్కదానికి ఏటి కొత్త శాస్త్రం?" అన్నాడు మాస్టారు. "చెయ్యలేకపోతే ఇంటికి పో."

నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పనిదొంగ పిల్ల ఒకటి తగ్గిందనుకుని మాస్టారు ఊరుకున్నాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం, పిల్లల చేత సాధన చేయిస్తుండగా మాస్టారి చేతిలోని తువ్వాలు జారి కింద పడింది. వంగి తీసుకోబోతే కుడిచెయ్యి మాట వినలేదు. కుడికాలు మడత పడిపోయింది. పిల్లలు పరుగెత్తుకు వచ్చేసరికి ఆయన మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. ఎంతెంత బరువులో ఎత్తే ఆ పిల్లలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే తమ గురువును చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి వచ్చారు. క్షణం ఆలస్యం చెయ్యకుండా కారు మాట్లాడి విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి చేర్చారు.

"పక్షవాతం. మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది," అన్నారు అక్కడి డాక్టర్లు. "వెంటనే తెచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదు. ఇక చెయ్యీ కాలూ స్వాధీనంలోకి రావడం నెమ్మది మీద జరగాలి."

మాస్టారి భార్య వరహాలమ్మ ఆ మాట విని గోడకు జారగిలబడింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ ఇక ఆయన ముందు ఏడవలేదు.

పక్క మంచం మీద పొట్నూరి అప్పన్న అనే ఆయన ఉండేవాడు. బొబ్బిలి వైపు పెళ్ళిళ్ళకు వంటలు చేసే మేస్త్రి. ఆయనకూ ఆ వారంలోనే, అదే కుడిపక్కకే పక్షవాతం వచ్చింది. ఇద్దరి కుడిచేతులూ ఒకేలా వేలాడుతుండేవి. మాటలు మాత్రం ఇద్దరికీ కాస్త ముద్దగా వచ్చినా తెలిసేవి. అప్పన్నను చూసి మాస్టారికి లోపల హుషారు పుట్టింది. పోటీకి మనిషి దొరికాడు! 'ఈయన కంటే ముందు లేచి నడవకపోతే నేను పైడిరాజునే కాను' అనుకున్నాడు.

ఫిజియోథెరపీ చేయించడానికి షకీలా అనే డాక్టరమ్మ వచ్చేది. ఆమె వచ్చీ రావడంతోనే వ్యాయామాలు మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరి దగ్గరా చాలాసేపు కూర్చుంది. భుజం ఎత్తమంది. వేళ్ళు చాపమంది. కళ్ళు మూయించి, పాదాన్ని కదిపి, "ఇప్పుడు మీ పాదం పైకుందా, కిందికుందా?" అని అడిగింది. ఏ వేళకు అలసట వస్తుందో వరహాలమ్మను అడిగి తెలుసుకుంది. మర్నాడు మరో గదిలోకి తీసుకెళ్ళి, మాస్టారి తల మీద ఒక పరికరం ఆనించి చేతిని కదిపే మెదడు భాగాన్ని అయస్కాంత శక్తితో చిన్నగా తట్టి చూసింది. ఆయన కుడిచేతి బొటనవేలు చటుక్కున అదిరింది.

"చూశారా!" అంది షకీలా. ఆమె ముఖం విప్పారింది. "మెదడు నుంచి చేతికి వచ్చే దారి దెబ్బతింది గానీ తెగిపోలేదు మాస్టారూ. ఈ చెయ్యి మళ్ళీ పనిలోకి వస్తుందని నా అంచనా. కానీ నడక ఆలస్యమవుతుంది. మీ పాదానికి నేల ఎక్కడుందో సరిగ్గా తెలియడం లేదు. నేను చెప్పేవరకూ ఒంటరిగా లేవకండి. ఇది అంచనా మాత్రమే, హామీ కాదు. చూసుకుంటూ, మార్చుకుంటూ పోదాం."

మాస్టారు తలూపాడు. కానీ ఆయన చెవికి ఎక్కింది 'ఆలస్యం' అన్న మాట ఒక్కటే.

కొద్ది రోజులకు అప్పన్న చేతికర్ర పట్టుకుని వరండాలో నడవడం మొదలుపెట్టాడు. దారిలో కనిపించిన నర్సులందరినీ పలకరిస్తూ అటూ ఇటూ తిరిగేవాడు. మాస్టారు మంచం మీద నుంచి ఆయన అడుగుల చప్పుడు వినేవాడు. ఒళ్ళు మండిపోయేది. తనది ఇనుముతో కుస్తీ పట్టిన శరీరం. అప్పన్నది గాడిపొయ్యి దగ్గర కూర్చునే శరీరం. మరి ఇదేమిటి?

ఒకనాడు వరహాలమ్మ టిఫిను తేవడానికి కిందికి వెళ్ళగానే, మాస్టారు ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేచాడు. పళ్ళు బిగించి ఒక అడుగు వేశాడు. రెండో అడుగులో కుడిపాదం ఎక్కడ పడిందో ఆయనకే తెలియలేదు. దబ్బున కుడిభుజం మీద పడ్డాడు.

ఎముక విరగలేదు గానీ భుజం వాచిపోయింది. బాగుపడుతున్న చేతికే దెబ్బ తగిలింది. వాపు తగ్గేవరకూ ఆ చేతితో ఏ వ్యాయామమూ చెయ్యకూడదన్నారు. వరహాలమ్మ తెచ్చిన ఇడ్లీలు అలాగే చల్లారిపోయాయి.

షకీలా కోప్పడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఎందుకు లేచారు మాస్టారూ?"

"అప్పన్న నడుస్తున్నాడు కదమ్మా. అతను చెయ్యగలిగింది నేను చెయ్యలేకపోవడం ఏటి? అది బద్ధకం కాకపోతే మరేటి..."

బద్ధకం. ఆ మాటను తానెంతమంది పిల్లల మీద విసిరాడు! ఎంత ప్రయత్నించినా అందుకోలేనివాళ్ళకు అది ఎలా తగులుతుందో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయిన నూకరత్నం ముఖం కళ్ళ ముందు మెదిలింది. మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం అప్పన్న కర్ర టకటకలాడిస్తూ వచ్చి మాస్టారి మంచం మీద కూలబడ్డాడు.

"నా నడక సూసి కుళ్ళుకున్నారట కదా బాబూ? నానేమో మీ బొటనేలు అదిరిందని ఇని కుళ్ళుకుంటన్నాను!" అన్నాడు.

"నా బొటనవేలా?"

"మరేటి! నాకూ అలాగే తల మీద తట్టీరు. నా ఏలు అదరనేదు. ఈ సెయ్యి మళ్ళీ గరిట పట్టడం కష్టమని డాక్టరమ్మ ఉన్నమాట సెప్పీసింది. ఆ పూటంతా ఏడిసీను. మర్నాడు ఆవిడొచ్చి నా ఎడంసేతికి కత్తిపీట పని నేర్పడం మొదలెట్టింది. ఇప్పుడు బెండకాయలు తరుగుతున్నాను. మొదట్లో ఒక్క ముక్కా సక్రంగా వచ్చీది కాదు. ఈ రోజు తరిగిన ముక్కలు సూత్తే పెళ్ళివారు కూడా వంకెట్టలేరు!" అంటూ అప్పన్న ఎడమచెయ్యి గర్వంగా చాపి చూపించాడు. "మన జబ్బు పేరొకటే బాబూ. ఒళ్ళు మాత్రం రెండు."

మాస్టారు తన ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుని చూశాడు. పోటీ అనుకున్నవాడి మీద ఆయనకు మొదటిసారి గౌరవం కలిగింది.

మర్నాడు షకీలా రాగానే, "అమ్మా, ఇన్నాళ్ళూ నేను అప్పన్నలా బాగుపడాలని చూశాను. ఇకమీదట నాలా బాగుపడతాను. నాకేది కుదురుతుందో అది చెప్పు," అన్నాడు.

షకీలా నవ్వింది. "అలా అయితే మీ వ్యాయామశాల గురించి చెప్పండి. బరువెత్తేటప్పుడు మీ చూపు ఎక్కడుండేది?"

"ఎదురుగా అద్దంలో."

ఆ మాటతో ఆమెకు పట్టు దొరికింది. మర్నాటికల్లా ఒక నిలువుటద్దం తెప్పించింది. "మీ పాదానికి తెలియనిది మీ కంటికి తెలుస్తుంది. అద్దంలో చూస్తూ అడుగు వెయ్యండి," అంది. పక్కనున్న కమ్మీని ఎడమచేత్తో పట్టుకుని మాస్టారు నిలబడ్డాడు. అద్దంలో కుడిపాదం కనబడింది. దాన్ని చూస్తూ ముందుకు జరిపాడు. ఈసారి అది అనుకున్నచోటే పడింది. భుజం వాపు తగ్గాక చేతిపని మొదలుపెట్టారు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన నీరసపడిపోయేవాడు. అందుకని ముఖ్యమైన సాధనంతా ఉదయానికి మార్చింది. చేసిందే చెయ్యడం మిగతావాళ్ళకు విసుగు, మాస్టారికి ప్రాణం. బరువుల కడ్డీ పట్టిన చెయ్యి కదా, గుండ్రటి తేలిక కర్ర చేతికిచ్చి పట్టుకోవడం, వదలడం నేర్పింది. పట్టు తొందరగానే వచ్చింది. వదలడమే రాలేదు. ముడుచుకున్న వేళ్ళు విచ్చుకోవడానికి ఎన్నో ఉదయాలు పట్టింది. వేళ్ళు మొండికేసిన రోజున షకీలా పద్ధతి మార్చేది. చూసేది, మళ్ళీ మార్చేది.

ఒక ఉదయం వరహాలమ్మ గ్లాసులో చోడి అంబలి పోసి ఎప్పటిలాగే తాగించబోయింది.

"ఉండు," అన్నాడు మాస్టారు.

కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. గ్లాసు చుట్టూ మూసుకున్నాయి. చెయ్యి వణుకుతూనే పైకి లేచింది. ఆయన కణతల మీద చెమట పట్టింది. ఒకప్పుడు ఎంతో ఇనుమును తల మీదికి ఎత్తి నిలబెట్టిన చెయ్యి అది. కానీ ఆ గ్లాసు పెదవులకు అందిన క్షణాన కలిగిన గర్వం ఆయనకు ఏ పతకమూ ఇవ్వలేదు. రెండు గుటకలు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, వేళ్ళు విప్పాడు. వార్డంతా చప్పట్లు కొట్టింది. అప్పన్న ఈల వేశాడు. ఇన్నాళ్ళూ ఏడవని వరహాలమ్మ అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే అటుగా వచ్చిన నర్సును ఆపి, "చూశారా, మా ఆయన!" అంది.

ఇంటికి వచ్చాక మాస్టారు చేతికర్ర సాయంతో మొదట వెళ్ళింది నూకరత్నం ఇంటికే. ఆ అమ్మాయి గుమ్మంలో ఆయన్ను చూసి బెదిరిపోయి, "మాస్టారూ, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా," అంది.

"తప్పు చేసినవాడే నడిచి రావాలమ్మా," అన్నాడాయన. "నీ చేతులెంత పొడుగో నేను చూడనేలేదు. నిన్ను చూసి నీకు నేర్పాల్సింది పోయి, నన్ను చూసుకుని నీకు నేర్పాను. మళ్ళీ రా. ఈసారి నువ్వు చెప్పు, నేను వింటాను."

నూకరత్నం మర్నాడే వచ్చింది. మాస్టారు ఆమె పాదాల ఎడం, చేతుల పట్టు, నడుం వంపు అన్నీ దగ్గరుండి చూశాడు. ఆమె కుదురుగా నిలబడే తీరు వెతికి పట్టుకున్నాడు. మిగతా పిల్లల్నీ అలాగే ఒక్కొక్కరిగా చూడటం మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరం రాష్ట్రస్థాయి పోటీల్లో నూకరత్నం బరువును తల మీదికి ఎత్తి, చెక్కుచెదరకుండా నిలబడింది. జనంలోంచి పైడిరాజు మాస్టారు కర్ర పక్కన పెట్టి లేచాడు. రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. రెండు అరచేతులూ మోగాయి.

ఆయన పేరు ఊరంతా చెప్పుకున్నారు. షకీలా కూడా విని, కొత్తగా చేరిన రోగులకు ధైర్యం చెప్పమని ఆయన్ను ఆసుపత్రికి పిలిచింది. అక్కడ ఒక మంచం మీద పక్షవాతం వచ్చిన పెద్దావిడ ఉంది. ఆమె కొడుకు మాస్టారిని చూడగానే ఎదురొచ్చాడు.

"బాబూ, మీరు ఏ వ్యాయామం చేశారు? ఎంతసేపు చేశారు? ఎన్నాళ్ళకు లేచారు? అచ్చం అలాగే మా అమ్మ చేత చేయిస్తాను. చెప్పండి!"

వార్డులో అందరూ మాస్టారి వైపు తిరిగారు. షకీలా కూడా ఆయన ఏమంటాడా అని ఆగింది. ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. తాను చేసిన ప్రతి వ్యాయామమూ ఆయనకు కంఠతా వచ్చు. కానీ చెప్పలేదు. నెమ్మదిగా మంచం దగ్గరికి వెళ్ళి, ఆ పెద్దావిడ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, మీరేం పని చేసేవారు?"

"పూలు కట్టీదాన్ని నాయనా," అంది ఆమె. ఆ మాట అంటుండగా ఒళ్ళో ఉన్న ఆమె వేళ్ళు కొద్దిగా కదిలాయి.

మాస్టారు షకీలా వైపు చూశాడు. షకీలా అప్పటికే ఆ వేళ్ళ మీదికి వంగి చూస్తోంది. అప్పుడు మాస్టారు ఆ పెద్దావిడ కొడుకు భుజం మీద తన కుడిచెయ్యి వేశాడు.

"నేను చేసింది నా ఒంటికి కుదిరింది నాయనా. మీ అమ్మ ఒంటికి ఏది కుదురుతుందో ఈ డాక్టరమ్మ చూసి చెబుతుంది. అది ఓపికగా చేయించు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకో. కొలత మాత్రం తెచ్చుకోకు."

అందుకే పిల్లలూ, ఎవరిని బాగుచెయ్యాలన్నా, ఎవరికి ఏం నేర్పాలన్నా, ఒకరి కొలతతో మరొకరిని కొలవకూడదు. ముందు ఆ మనిషిని ఆ మనిషిగా చూసి తెలుసుకోవాలి.