ముసుగులమిట్టలో మొదటి చాదర్

రేవుకు పోయే దారిలో జీడితోటలు దాటాక కనిపించే ఇసుక దిబ్బే ముసుగులమిట్ట. పైన సున్నం కొట్టిన చిన్న దర్గా, అందులో లుబ్నా బీబీ సమాధి. తక్కిన దర్గాలలో భక్తులు చాదర్‌ను సమాధిపై కప్పుతారు. ఇక్కడ ఆ పద్ధతి చెల్లదు. గుమ్మం దగ్గర ముందుగా నిలిచిన ఆడమనిషి భుజాలపై కప్పాలి. సమాధికి పూలు చాలు. తెలియక తిన్నగా లోపలికి నడిచేవారిని, ఎంతటి పెద్దమనుషులైనా సరే, సమాధి సేవ చూసే మా ఖాదర్‌బీ గుమ్మంలోనే ఆపుతుంది.

పూర్వం ఇక్కడ ఇసుక తప్ప మరేమీ లేదు. కథ మొదలైంది సముద్రానికి ఆవల, అరబ్బుల బస్రా నగరానికి దిగువనున్న ఒక పట్టణంలో. అవి ఇస్లాం తొలి శతాబ్దపు రోజులు. అన్యాయం చేసే పాలకుడికి లోబడటమే పాపమని తిరగబడిన ఖారిజీలనే వర్గంలో ఆడవాళ్ళు కూడా కత్తి పట్టేవారు, బోధించేవారు. మరణశిక్షకు వాళ్ళు జంకలేదు. అప్పుడు ఆ పట్టణపు అధికారి ఒక నీచమైన ఉపాయం పన్నాడు. పట్టుబడిన స్త్రీని చంపి, ఒంటిమీద నూలుపోగు లేకుండా బజారులో పడవేయించసాగాడు. చావుకు వెరవనివాళ్ళు దానికి వెరచి ఇళ్ళలో ఉండిపోయారు. జుమానా అనే బోధకురాలు మాత్రం బోధించడం మానలేదు. చివరికి ఆమె కూడా పట్టుబడింది.

లుబ్నా ఆ చెరసాలలో బట్టలుతికే వితంతువు. తిరుగుబాటుదారుల కత్తికే ఆమె భర్త బలయ్యాడు. అందుచేత జుమానాను చూస్తేనే ఆమెకు ఒళ్ళుమంట.

"నీ బోధ నీ దగ్గరే ఉంచుకో. నా ఇంటి దీపం ఆర్పింది మీవాళ్ళే" అన్నది లుబ్నా.

"బోధించను అక్కా. ప్రాణం పోతే పోయింది. ఆ తర్వాత వాళ్ళు చేసేదానికే భయంగా ఉంది. అందరూ చూస్తారు" అన్నది జుమానా.

లుబ్నా బట్టల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ఆమెకు రొట్టె సహించనివ్వలేదు.

అధికారికి తెలివి ఎక్కువైంది. కళ్ళారా చూస్తేనే బుద్ధి వస్తుందని, పట్టణంలోని స్త్రీలందరూ బజారుకు రావాలని చాటింపు వేయించాడు. ఏ ఇల్లాలూ ముసుగు లేకుండా బజారుకు రాదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

శిక్ష అమలైంది. భటులు శవం మీది బట్టలు లాగివేశారు. లుబ్నా జనాన్ని తోసుకుని వెళ్ళి, తన ముసుగు తీసి జుమానా మీద కప్పింది. ఒక భటుడు దాన్ని లాగబోయాడు. అతని తల్లి ఆ గుంపులోనే ఉంది. ఆమె వచ్చి తన ముసుగు కూడా కప్పింది. ఆపైన మరొకరు, ఇంకొకరు. తమ తల్లులు, భార్యలు తలపై గుడ్డ లేకుండా నడిబజారులో నిలబడితే కన్నెత్తి చూడలేక భటులు మొహాలు తిప్పుకున్నారు. అధికారి ఎంత అరిచినా ఎవరూ కదలలేదు. ఆ ముసుగులతోనే జుమానాను పూడ్చిపెట్టారు.

"నువ్వూ వాళ్ళ పక్షమేనా?" అని పొరుగువారు లుబ్నాను నిలదీశారు.

"కాదు. ఆమె బోధ నాకిప్పటికీ నచ్చదు. ఒంటిమీద గుడ్డకు పక్షమేమిటి?" అన్నది లుబ్నా.

ఇక ఆ ఊళ్ళో బతకనివ్వరని తెలిసి, ఆమె గుర్రాల బేరగాళ్ళ ఓడ ఎక్కి ఈ రేవులో బోసితలతో దిగింది. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న నూకాలు అనే పల్లెకారుల ఇల్లాలు, ఊరూ పేరూ అడగకుండా, ఆరవేసిన తన కోక తెచ్చి కప్పింది. లుబ్నా ఇక్కడే ఉండిపోయింది. కన్నుమూసేముందు, "నా మట్టిమీద గుడ్డ దండగ చేయకండి. బతికున్నదానికి కప్పండి. ఎవరని అడగకండి" అని చెప్పిందట.

ఆ మాట నేటికీ చెల్లుతోంది. ఇక్కడ కప్పినవారి ఇంటి పరువు బీబీ కాపాడుతుందని నమ్మకం. మొన్నటి ఉరుసుకు ఒక అత్తగారు జరీ చాదర్ తెచ్చింది. గుమ్మంలో నిలబడి ఉన్నది, తన కొడుకును కోర్టుకు ఈడ్చిన కోడలు. అత్తగారు ఆమెను తప్పించుకుని లోపలికి పోబోయింది. ఖాదర్‌బీ దారి ఇవ్వలేదు. చివరికి అత్తగారు చాదర్ మడత విప్పి కోడలికి కప్పి, భుజం మీద జారకుండా సర్దింది.