చివరి ఒంటె వెనక నడిచినవాడు

చందనాగాచార్యులు ఏ యాత్రా గ్రంథాన్నీ మొదటి ఆకు నుంచి చదివేవారు కాదు. కట్ట విప్పి, అన్నిటికన్నా అడుగున ఉన్న ఆకు తీసి ముందు దాన్ని చదివేవారు. అదేమిటని ఎవరైనా అడిగితే, "పై ఆకుల్లో రాజులూ దాతలూ ఉంటారు. వాళ్ళని చూడ్డానికి నాకంత తొందర లేదు" అనేవారు. మరుభూమి అంచున, ఎడారి ముగిసి ఊళ్ళు మొదలయ్యే చోట ఆయన బౌద్ధ విహారం ఉండేది. ఇసుక దాటి ప్రాణాలతో బయటపడ్డ బాటసారి, నాలుగు అక్షరాలు వచ్చినవాడైతే, అక్కడ ఆగి చూసిందీ పడిందీ రాసిచ్చి పోవడం వాడుక. తర్వాత ప్రయాణం కట్టేవాళ్ళు వాటిని చదువుకుని, ఏ బావి ఎండిందో, ఏ ఇసుకదిబ్బ జరిగిందో తెలుసుకుని కదిలేవారు. అలా పోగైన గ్రంథాలతో విహారంలో ఒక గది నిండిపోయింది.

ఆ గదిలో తన గ్రంథానికి చోటు లేదన్నారని విధికుడు మండిపడుతూ వచ్చాడు. విధికుడు ఆచార్యుల శిష్యుడు, కృష్ణ ఒడ్డున పుట్టినవాడు. అవతలి విహారం నుంచి శాస్త్ర గ్రంథం ఒకటి తెమ్మని ఆచార్యులే అతన్ని ఎడారి దాటించారు. తిరుగు ప్రయాణంలో వరదత్తుడనే వర్తకుడి ఒంటెల బిడారుతో కలిసి నడిచి, చావు తప్పి బయటపడి, జ్వరం తగ్గగానే కూర్చుని గ్రంథం రాశాడు. విహారంలోని పెద్దలు దాన్ని చదివి ముఖాలు చిట్లించారు. "ఇందులో యాత్ర కన్నా కోపం ఎక్కువుంది. మనసు చల్లబడ్డాక మళ్ళీ రాసుకురా" అన్నారు. విహారంలో వెలిగే దీపాలకి నూనె పోయించే దాత ఆ వరదత్తుడే కదా అని విధికుడు అడిగితే మాత్రం నీళ్లు నమిలారు.

"కోపంతో రాసింది చెల్లదా ఆచార్యా?" అన్నాడు విధికుడు, తాటాకుల కట్ట ఆయన ముందు పెట్టి. "మనిషిని చంపినవాడు గొడుగు వేసుకుని ఊరేగుతున్నాడు. చల్లబడవలసింది నేనట!"

అతనికి ఒళ్ళు మండిందంటే మండదా మరి. బిడారుల్లో నీళ్లు పోయడానికి తరతరాల నుంచీ ఒక కట్టుబాటు ఉంది. తోలుతిత్తి మూతి విప్పితే, గిన్నె బిడారు తోక నుంచి మొదలవ్వాలి. చివరి ఒంటె వెనక నడిచేవాడు అందరికన్నా ముందు తాగుతాడు, ముందు నడిచే బిడారు పెద్ద అందరి తర్వాత తాగుతాడు. దారి పొడవునా దుమ్ము తినేది చివరివాడే కదా. అదీకాక, నీళ్లు చాలకపోతే ఎండేది పెద్ద నోరే గనక, ఆయన బయలుదేరిన రోజు నుంచే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నీళ్లు సర్దుకొస్తాడు. ఎవరు పెట్టారో గానీ, బుర్ర ఉన్నవాడు పెట్టిన కట్టుబాటు అది. నమ్ముకున్న బావి ఇసుకతో పూడిపోయి కనిపించిన రోజున వరదత్తుడు దాన్ని తిరగేశాడు. ముందు నడిచేవాళ్ళు బతికితేనే వెనకవాళ్ళకి దారి అని చెప్పి, గిన్నె తన దగ్గర మొదలుపెట్టించాడు. తన తర్వాత తన చుట్టాలు. వాళ్ళ తర్వాత తన గుర్రం. మనుషులు నాలుకలు బయటపెట్టి చూస్తుండగా గుర్రానికి పోయించాడు ఆ మహానుభావుడు! తిత్తి తోక దగ్గరికి వచ్చేసరికి పిండినా చుక్క రాలేదు.

తోకలో ఉన్నది ఇద్దరే. చివరి ఒంటెను తోలే ఖేముడు, కాళ్ళు పుళ్ళు పడి వెనకబడ్డ విధికుడు. మర్నాడు మధ్యాహ్నం ఖేముడు ఇసుకలో ఒరిగిపోయాడు. చివరి ఒంటె మెడలో గంట కడతారు. అది మోగుతున్నంతసేపూ వెనక అందరూ ఉన్నారని ముందువాళ్ళకి గుర్తు. ఖేముడు పడిపోయాక ఒంటె కదల్లేదు, గంట ఆగిపోయింది. వరదత్తుడు వెనక్కి తిరిగి చూడలేదు. చీకటి పడ్డాక ఆ ఒంటే నీళ్ల వాసన పట్టుకుని ఊరి దారి వెతుక్కుంది, దాని మెడ పట్టుకుని వేలాడుతూ విధికుడు వచ్చి పడ్డాడు. అతను జ్వరంతో మూలుగుతుండగానే వరదత్తుడు ఊళ్ళో తన కథ చెప్పేశాడు. తన బిడారులో నీళ్లు చాలలేదంటే పెద్దరికం ఏం కావాలి? అందుకని ఖేముడు నీళ్ల తిత్తి దొంగిలించి పారిపోయాడన్నాడు. చచ్చినవాడు లేచి వచ్చి కాదంటాడా!

ఆచార్యులు కట్ట విప్పి, అలవాటు ప్రకారం అడుగు ఆకు తీసి చదివారు. చదివి పక్కన పెట్టారు. శిష్యుడి ప్రశ్నకి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "బయట ఒకామె నీకోసం పొద్దుటి నుంచి కూర్చుని ఉంది. ఇది ఆమెకి చదివి వినిపించు" అన్నారు.

లోపలికి వచ్చినామె పేరు నందిక, ఖేముడి చెల్లెలు. పొద్దున బావి దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది, చంకలో ఖాళీ కుండ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తోకలో నడిచిన స్వామి మీరేనంట గదా" అంది. "బావి కాడ నన్ను దొంగ ఇంటిదాన్నంటన్నారు. గొడ్లు తాగినాక తోడుకోమన్నారు, పోనీలే అని తోడుకున్నా. ఇంక అది గూడా ఉండదంట. అమావాస్యకి ఊరి పెద్దలు కూచుని మా ఇంటిని నీళ్లకి వెలేస్తారంట. నాకు చదువు రాదు. మీరు రాసింది చదవండి, మాట పొల్లుపోకుండా పట్టుకుపోయి బావి కాడ చెప్తా."

విధికుడికి అంతకన్నా ఏం కావాలి? ఇన్నాళ్ళకి తన గ్రంథం వినేవాళ్ళు దొరికారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వరదత్తుడి గొడుగుకి పట్టు అంచు ఉందని చదివాడు. ఏ వేలికి ఏ రాయి పొదిగిన ఉంగరమో చదివాడు. అందరి పెదాలూ పగిలి నెత్తురు కారుతుంటే ఆ పెద్దమనిషి మీసాలకి నూనె రాసుకున్నాడని చదివాడు. నిజానికి బాగా రాశాడు. ఒక్కో మాటా చెంప మీద కొట్టినట్టుంది. నందిక మొదట్లో తల ఊపుతూ విన్నది. కొంతసేపటికి తల ఊపడం మానేసింది.

"మా అన్న ఎప్పుడొస్తాడు స్వామీ ఇందులో?" అంది.

"వస్తాడమ్మా" అని విధికుడు గుర్రం నీళ్లు తాగిన ఆకు అందుకున్నాడు. దాని జీను, దాని కళ్ళెం, అది తాగుతున్నప్పుడు నవ్విన చుట్టాల పళ్ళు, అన్నీ వచ్చాయి. ఆ తర్వాత బిడారు పెద్ద ధర్మాల మీద రెండు ఆకులు, వాటిని వరదత్తుడు ఎన్ని విధాల తుంగలో తొక్కాడో ఇంకో మూడు.

"ఇంకా రాలేదే" అంది నందిక.

"ఇదిగో వచ్చాడు" అని విధికుడు చదివాడు. "‘ఆ మధ్యాహ్నం ఖేముడనే ఒంటెలవాడు దాహంతో మరణించాడు. గంట ఆగినా ఆ నీచుడు వెనుదిరిగి చూడలేదు. ఆ నీచుడి మనసు...’"

"ఆపు" అంది నందిక. కుండ ఠక్కున నేల మీద పెట్టింది. స్వామీ అనడం, మీరు అనడం ఆ క్షణమే పోయాయి. "ఆ మారాజు ఉంగరాలు వేలు వేలునా చూశావు. మా అన్న కాళ్ళకి చెప్పులున్నాయో లేదో చూశావా?"

"ఒక కాలికే ఉంది" అన్నాడు విధికుడు. "రెండోది నాకిచ్చాడు. నా పుండు కాలికి ఆయనే కట్టాడు."

"ఇంకా?"

"గిన్నె తిరగబడిన రోజు బిడారు మొత్తంలో నోరు తెరిచింది ఆయన ఒక్కడే. తోక నుంచి అరిచాడు, గిన్నె ఇటు నుంచి రావాలిరా అని. ముందుదాకా వినిపించింది. ఎవరూ పలకలేదు." విధికుడు చేతిలో ఆకు చూడ్డం మానేశాడు. "మాకు నీళ్లు రాలేదు. ఆయన నడుముకి సొరబుర్ర ఒకటి ఉండేది, మూతికి ఎర్రగుడ్డ కట్టి."

"నేను కట్టిందే. ఈ బావి నీళ్లే నింపి ఇచ్చా."

"ఆ నీళ్లు గుక్కెడు గుక్కెడు చొప్పున నాకు పోశాడమ్మా. తను పెదాలు తడుపుకుని ఊరుకున్నాడు. నేను కూలబడినప్పుడల్లా తిట్టేవాడు. ‘లేవరా బోడిగుండూ, మా చెల్లి తోడిన నీళ్లు తాగి పడుకుంటావేరా!’ అనేవాడు. ఆ తిట్లకే నేను నడిచాను."

నందిక ముఖం ఒక్కసారి నలిగింది. అంతలోనే తమాయించుకుని ఆ తాటాకుల వైపు చూసింది. "ఇదంతా ఏ ఆకులో ఉంది? చూపించు."

"లేదమ్మా. రాద్దామనే అనుకున్నాను. ఆకులు అయిపోయాయి."

అది నిజమే. కృష్ణ ఒడ్డు నుంచి తెచ్చుకున్న తాటాకులు అవి, ఆ ఎడారిలో వెతికినా దొరకవు. ఉన్నవన్నీ పట్టు అంచులకీ ఉంగరాలకీ కళ్ళేలకీ సరిపోయాయి.

"వాడు పాపిష్టోడని నువ్వు రాస్తే గానీ తెలీదా మాకు?" అని విరుచుకుపడింది నందిక. "ఊళ్ళో ఆడదాన్ని ఎవర్నడిగినా చెప్తది. మా అన్న దొంగ కాదన్న మాట కోసం వచ్చా నేను. ఇంత కట్ట రాశావు, ఆ ముక్క ఒక్కటి లేదు. ఏం పట్టుకుపోను నేను బావి కాడికి? వాడి మీసాల నూనా?"

విధికుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె మీదా, తన మీదా, అన్నీ తెలిసి ఊరికే కూర్చున్న గురువు మీదా కూడా. "ఇందుకా ఆచార్యా నన్ను చదవమన్నది?" అని కేక పెట్టినంత పని చేశాడు. "కోపం మానుకో అని ఒక్క మాట చెబితే పోయేది కదా!"

"మానుకోమని నేననలేదే" అన్నారు ఆచార్యులు. పక్కన పెట్టిన అడుగు ఆకు తీసి అతని చేతికిచ్చారు. అందులో వరదత్తుడు గొడుగు కింద ఊళ్ళోకి ప్రవేశిస్తున్నాడు. మొదటి ఆకులో ఎవరున్నదీ విధికుడికి గుర్తుంది, అక్కడా వరదత్తుడే. "నీ గిన్నె కూడా అతని దగ్గరే మొదలైంది నాయనా" అన్నారాయన. "తోకదాకా రాకుండానే తిత్తి ఖాళీ అయింది."

విధికుడు ఆ ఆకుని కట్టలో దూర్చలేదు, చింపనూ లేదు, నేల మీద వదిలేశాడు. వంగి నందిక కుండ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. భిక్షువు ఆడమనిషి కుండ మోస్తూ ఊళ్ళోకి నడవడం చూసి విహారం వాకిట్లో ఉన్న పెద్దలు నోళ్ళు తెరిచారు. అతను ఎవరి వైపూ చూడలేదు, కుంటుతూనే బావిదాకా వెళ్ళాడు.

ఎండ ముదురుతోంది, బావి దగ్గర వరస సాగి ఉంది. వరదత్తుడి చుట్టాలు కూడా గుర్రాలకి నీళ్లు పట్టుకోవడానికి వచ్చి ఉన్నారు. విధికుడు వరస చివర, నందిక నిలబడే చోట నిలబడి, "చివరి ఒంటె వెనక నడిచినవాడి పేరు ఖేముడు" అని మొదలుపెట్టాడు. గొంతులో నిప్పు ఏమీ తగ్గలేదు. ఒంటి చెప్పు గురించి చెప్పాడు, తోక నుంచి పెట్టిన కేక గురించి చెప్పాడు. సొరబుర్ర మూతికున్న ఎర్రగుడ్డ గురించి చెప్పి, "ఆ నీళ్లు ఈ బావివి. అవి తాగినవాణ్ణి నేను. దొంగ ఎవడో మీరు చెప్పండి!" అని అరిచాడు. చుట్టాల్లో ఒకడు నోరు మూసుకో సన్నాసీ అన్నాడు. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు. విధికుడు ఖేముణ్ణి తను ఇసుకలో కప్పిన చోటు చెప్పి, గుర్తుకి పాతి వచ్చిన ఒంటెల కర్ర గురించి చెబుతుంటే, కొంగులు నోట్లో కుక్కుకున్నారు ఆడవాళ్ళు. వరదత్తుడి పేరు ఆ చెప్పడంలో ఒక్కసారే వచ్చింది, గంట ఆగిన చోట.

అతను చెప్పడం ముగించాక చేదతాడు పట్టుకున్న ముసలామె చేద బావిలోకి వదిలి, నిండుగా తోడి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వరస పక్కనే నడుచుకుంటూ చివరికి వచ్చింది. నందిక కుండలో పోసింది. గుర్రాలు పట్టుకున్నవాళ్ళు ఇదేం పద్ధతని గొణిగారు. ముసలామె వాళ్ళ వైపు తిరిగి, "ఇదే పద్ధతి" అంది. అమావాస్య వచ్చింది, పోయింది. నందిక ఇంటిని వెలివేసే మాట ఎవరూ ఎత్తలేదు. వరదత్తుడు మళ్ళీ బిడారు కట్టబోతే, చివరి ఒంటె వెనక నడవడానికి ఆ ఊళ్ళో మనిషి దొరకలేదు.

విధికుడు బావి దగ్గర మాట్లాడిన ఆ సాయంత్రమే విహారం పెద్దలు ఆచార్యుల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. మీ శిష్యుడు నలుగురిలో నోరు పారేసుకున్నాడని, దాత చుట్టాలని నిలదీశాడని, అంత కోపం కాషాయానికి తగదని ఒకరి తర్వాత ఒకరు వాపోయారు. ఆచార్యులు అంతా విన్నారు.

"ఎవరి దగ్గర మొదలుపెట్టాడు?" అని అడిగారు.

"ఎవరో ఒంటెలవాడి దగ్గరటండీ, చివర్న నడిచినవాడట."

"అంత చెప్పాడు కదా," అన్నారు ఆచార్యులు, "మీకు వినిపించింది కోపమొక్కటేనా?"