కుండపైన కట్టిన మంచు

పూర్ణబోధ స్వామిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆ హిమాలయపు ఆశ్రమంలో సోమరులకు సందేహాలు తక్కువ.

అంకయ్య కొత్త శిష్యుడు. సముద్రపు ఒడ్డున ఉప్పు మడుల్లో పుట్టి పెరిగినవాడు, ఆ చలికాలమే అంత దూరం వచ్చి చేరాడు. ఒకనాడు ఊరినుంచి కబురొచ్చింది. అన్న మంచం పట్టాడు, ఒక్కసారి చూసి పొమ్మంటున్నాడు. అంకయ్య ఆ పూట అన్నం ముట్టకుండా గురువు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా నాయనా పోతే నన్ను సాకింది అన్నే స్వామీ. చెయ్యని తప్పుకి నలుగురిలో దొంగని చేసి గెంటిందీ ఆయనే. రెండూ మనసులో కలిసిపోయినై. పోనా, మాననా?"

"రేపు మంచినీళ్ల వంతు నీది," అన్నారు స్వామి.

అక్కడి బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. చలికాలంలో సాయంత్రం వాటిని వెడల్పాటి కుండల్లో పోసి ఆరుబయట పెడతారు. తెల్లారేసరికి పైన మంచు గడ్డకడుతుంది, ఉప్పు చాలావరకు కింది నీళ్లలో ఉండిపోతుంది. ఆ గడ్డను కరిగించి తాగుతారు. ఇది అంకయ్యకు ఎవరూ చెప్పలేదు, అడగాలని అతనికీ తోచలేదు. ఉప్పు మడుల్లో పైనున్న నీరు ఇగిరిపోతుంది, అడుగున మిగిలేదే సొత్తు. ఆ అలవాటుకొద్దీ అతను గడ్డలన్నీ తెట్టు తీసినట్టు తీసి పారేసి, అడుగు నీళ్లు భద్రంగా వడకట్టి తెచ్చాడు.

స్వామి ఒక గుక్క తాగి, వెంటనే ఉమ్మేశారు. "దీనికంటే బావే నయం నాయనా," అని నవ్వి, గడ్డను ఎలా తీయాలో చూపించారు.

మర్నాడు అంకయ్య గడ్డలు తీసి, వాటికంటిన ఉప్పునీరు కారిపోయేదాకా ఆగి, పొయ్యి మీద కరిగించాడు. చల్లారాక తాగి చూశాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. జ్వరమొచ్చినప్పుడు తన తల ఒళ్లో పెట్టుకుని గుక్కగుక్కగా నీళ్లు తాగించిన అన్న చెయ్యి గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో ఆ చేతికి ఒక్క దణ్ణమైనా పెట్టలేదే అని భోరున ఏడ్చాడు. ఆ పూటే మూట కట్టుకున్నాడు.

సెలవు తీసుకుంటూ గడప దగ్గర ఆగాడు. "పోయొస్తాను స్వామీ. కానీ నన్ను దొంగన్న ఆ మాట మాత్రం మరుపు రావట్లేదు."

స్వామి కుండ వంచి అడుగున మిగిలిన ఉప్పునీళ్లు పారబోస్తున్నారు.

"అడుగు నీళ్లు లేవని నేననలేదు. తాగమనీ అనలేదు."